వదినకు ఒడిబియ్యం

కొత్తవాడ, వరంగల్
14 జూన్ 1982

వదినకు, ఇందిర రాసేది.

మీరు రైలెక్కి వారమైనా కాలేదు, అప్పుడే ఉత్తరమేమిటని అన్నకు చూపించి నవ్వుతావు. నవ్వుకో. మీరు పోసి వెళ్లిన ఒడిబియ్యం నిన్న వండాను. ఆ సంగతి నీకు చెప్పకపోతే నాకు తిన్నది అరగదు.

వాడలో నలుగురు ముత్తైదువలను పిలిస్తే వాళ్ల వెంట ఇంకో నలుగురు వచ్చారు. పసుపు కలిపిన బియ్యం కదా, ఎంత కడిగినా అన్నం లేతపచ్చగానే ఉంది. అందరూ కడుపునిండా తిన్నారు. మా అత్త మల్లవ్వ రెండోసారి పరమాన్నం పెట్టించుకుని, "మీ అన్నవదినెలు ఏం తక్కువ చెయ్యలేదు తియ్యి" అంది. ఆమె నోట్లోంచి మెచ్చుకోలు వచ్చిన రోజును గోడ మీద సున్నంతో రాసిపెట్టుకోవాలి.

వదినా, ఒక మాట చెప్పనా. అమ్మ పోయినప్పుడు అందరూ నన్ను ఓదార్చారు గానీ, నా భయం ఏమిటో ఎవరికీ తెలియలేదు. పెళ్లయిన లెక్కన బేసి యేడు వచ్చినప్పుడల్లా తల్లిగారింటి వాళ్లు వచ్చి ఒడిలో బియ్యం పోస్తేనే కదా, ఈ మనిషి వెనుక ఒక ఇల్లుందని లోకం అనుకునేది. నాన్న ముందే పోయాడు. ఇక నా ఒడిలో ఎవరు పోస్తారు అనుకున్నాను. నువ్వు భీవండి నుంచి కుడుకలు, ఖర్జూరాలు, చీర మూటగట్టుకుని, రైలు పెట్టెలో నిలబడి వచ్చావు. అన్న ఒక్కడైతే మరిచిపోయేవాడు. నీ వల్లే నాకు తల్లిగారిల్లు మిగిలింది.

నాకు ముప్పైమూడు నిండాయి. మొన్న తల దువ్వుకుంటుంటే చెవి దగ్గర రెండు తెల్ల వెంట్రుకలు కనబడ్డాయి. ఒకటి పీకేశాను. రెండోది ఉంచాను, అత్త ముందు కాస్త గౌరవం పెరుగుతుందేమోనని. ఇరవైల్లో నాకు అన్నీ భయాలే. అన్నం మాడుతుందేమో, పిల్లవాడికి జ్వరమొస్తుందేమో, ఈయన నాతో మాట్లాడడం లేదంటే కోపమేమో. ఈయనది కోపం కాదు, స్వభావం అని తెలియడానికి పదేళ్లు పట్టింది. జంపఖానా వెడల్పు కాబట్టి మగ్గం మీద ఇద్దరం పక్కపక్కన కూర్చోవాలి. పోగు మోసే నాడె ఆయన చేతిలోంచి నా చేతికి, నా చేతిలోంచి ఆయన చేతికి వస్తూ పోతూ ఉంటుంది. పొద్దంతా కలిపి పట్టుమని పది మాటలు మాట్లాడడు. అయినా ఇప్పుడు నాకు ఆ పక్కన కూర్చోవడం హాయిగా ఉంటుంది.

వచ్చే యేడు నీ వంతు. మీ ధర్మసాగర్ చిన్నమ్మ పోయినసారి పెట్టిన నెమలి రంగు చీర ఎంత బాగుందని. ఈసారి ఏ రంగు అడుగుతావో రాయి.

నీ ఇందిర


భీవండి
5 జూలై 1982

ఇందిరకు, కట్టమ్మ.

ఉత్తరం అందింది. నీలాగా రాయడం నాకు రాదు. నాలుగు ముక్కలు రాస్తాను, చాలనుకో.

బొంబాయిలో మిల్లులు బంద్ అయినప్పటి నుంచి ఇక్కడ బట్ట నేసే కరెంటు సాంచాలకు తీరిక లేదు. మీ అన్నకు డ్యూటీ మీద డ్యూటీ. ఆ చప్పుడులో ఉండి ఉండి ఇంటికొచ్చాక కూడా అరుస్తూనే మాట్లాడుతున్నాడు. మంచినీళ్లడిగితే పక్కింటామె తెచ్చిస్తున్నది. పిల్లలు బడికి పోతున్నారు.

ఆ రెండో వెంట్రుక కూడా పీకేయి. నాకు ముప్పైఎనిమిది, తలలో ఎన్ని తెల్లబడ్డాయో నేను చూసుకోను. అద్దం ముందు అంతసేపు నిలబడడానికి తీరిక ఉన్నదానివి నువ్వు.

ఒడిబియ్యం నేను పోశాను అనకు. మీ అన్న పోశాడు, నేను పళ్లెం పట్టుకున్నాను.

వచ్చే యేడు మా వాళ్లు వస్తారు. చిన్నమ్మ కబురు పంపింది. చీర ఆమె ఇష్టం, నేను అడగను.

నాకు కడుపులో నొప్పి వస్తూ పోతూ ఉంది. వాము నీళ్లు తాగుతున్నాను. ఫికర్ చెయ్యకు. మీ ఇంట్లో పర్శరాములన్నకు, మల్లవ్వ పెద్దమ్మకు నా దండాలు.

కట్టమ్మ


కొత్తవాడ, వరంగల్
24 అక్టోబర్ 1982

వదినకు,

రేపు సద్దుల బతుకమ్మ. ఇల్లంతా పూలు. ఇది రాస్తున్న కాగితం మీద కూడా గునుగు పూల పొడి రాలుతోంది, దులుపుకుని చదువుకో.

నిన్న పొద్దున వాడలోకి పూలమ్మే మనిషి వచ్చింది. సమ్మమ్మ అట. తంగేడు కట్టలు, గునుగు కట్టలు గంపనిండా ఉన్నాయి. బేరం కుదిరాక మాటల్లో ఊరడిగితే ధర్మసాగర్ అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. గంప దించి కూర్చోమని చాయ్ పోశాను.

"మా వదినెది గూడ గదే ఊరు. కట్టమ్మ. వాళ్ల చిన్నమ్మ మంచిగున్నదా?" అని అడిగాను.

ఆమె నా మొహంలోకి వింతగా చూసింది. "ఏ కట్టమ్మ? కట్ట మీది మైసమ్మకు మొక్కితె పుట్టిన పిల్లనా? చిన్నప్పుడె తల్లిదండ్రి పొయ్యిన్రు. ఆ సాదుకున్న చిన్నమ్మ గూడ పోయి మస్తు ఏండ్లాయె గదవ్వా. ఇల్లు కూలి జాగ మిగిలింది. ఆడ ఎవ్వలున్నరు ఇంక?" అంది.

వదినా, ఆమె చాయ్ తాగి వెళ్లిపోయింది. నేను బతుకమ్మ పేర్చడానికి కూర్చుంటే వరస కుదరలేదు, మూడుసార్లు విప్పి పేర్చాను. మరి ఆ నెమలి రంగు చీర ఎవరు పెట్టారు? వచ్చే యేడు వస్తామని కబురు పంపిందెవరు? సమ్మమ్మ చెప్పింది వేరే కట్టమ్మ సంగతి అని నువ్వొక్క ముక్క రాయి, నేను నమ్ముతాను. ఇంకేమీ అడగను.

ఇందిర


భీవండి
20 నవంబర్ 1982

ఇందిరా,

వేరే కట్టమ్మ కాదు. నేనే.

పండగపూట పూలు కొని ఊరుకోవచ్చు కదా. ఊరూ పేరూ అడగాలా? సరే, అడిగావు, చెప్తాను. ఒక్కసారే చెప్తాను.

నా పెళ్లయిన మరుసటి యేడే చిన్నమ్మ పోయింది, ఆ కబురు మీ అమ్మ ఎవరికీ పొక్కనివ్వలేదు. మూడో యేడు వచ్చింది, నాకు మొదటి ఒడిబియ్యం పోయాల్సిన యేడు. నేను ఎవరి కోసం ఎదురు చూడాలి? వాడలో అందరూ అడుగుతున్నారు, మీ వాళ్లు ఎప్పుడొస్తరని. ఒకరోజు మీ అమ్మ సంతకు పోయింది. వచ్చేటప్పుడు చీర, రవిక గుడ్డ, కుడుకలు, పోకలు, పసుపు కొమ్ములు అన్నీ తెచ్చింది. వాడ మొదట్లోనే నిలబడి నలుగురికీ వినబడేట్టు, "ధర్మసాగర్ నుంచి మనిషొచ్చి ఇచ్చి పోయిండు. ఇంట్ల ఎవలికో పానం మంచిగ లేదంట, మమ్ములనే పొయ్యమన్నరు" అని చెప్పింది. నేను నోరు తెరవబోతే వంటింట్లోకి లాక్కెళ్లి, "నువ్వు నోరు మూసుకో బిడ్డా, లోకం సంగతి నేను జూసుకుంట" అంది. నువ్వు అప్పుడు ఇంట్లోనే ఉన్నావు. నీకు కూడా తెలియనివ్వలేదు.

ఆ తరువాత ప్రతి బేసి యేడూ అదే. భీవండి వచ్చాక కూడా, ఊరి నుంచి రైల్లో మనిషి వచ్చి ఇచ్చి పోయిండని ఇక్కడి మన తెలుగు వాడలో చెప్పేది. అత్తమ్మ నిజం కానిది చెప్పడం నేను చూసింది ఈ ఒక్క విషయంలోనే.

అత్తమ్మ పోయాక నేను నేర్చుకున్నాను. చీర నేనే కొన్నాను, మా వాళ్లు పంపారన్నాను. నెమలి రంగు నేను ఏరుకున్నదే. నువ్వు బాగుందన్నావు, సంతోషం. కానీ ఇందిరా, చీర కొనుక్కోవచ్చు. నా ఒడిలో బియ్యం నేను పోసుకోలేను కదా. అత్తమ్మ పోయినప్పటి నుంచి నాకు బియ్యం లేవు. మీ అన్నకు తెలుసు. అతను అడగడు, నేను చెప్పను.

ఇక ఈ మాట ఎత్తకు.

కట్టమ్మ


కొత్తవాడ, వరంగల్
11 డిసెంబర్ 1982

వదినా,

ఎత్తకు అన్నావు. ఎత్తుతున్నాను.

నీ ఉత్తరం మగ్గం మీదే చదివాను. కళ్లకు నీళ్లు అడ్డమొచ్చి పోగు కనబడలేదు. ఈయన నాడె ఆపి, నా వైపు చూసి, లేచి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి పక్కన పెట్టాడు. ఏమైందని అడగలేదు. నాకు పెళ్లయిన కొత్తలో అయితే, అడగలేదని ఇంకా ఏడ్చేదాన్ని.

అమ్మ గురించి రాశావు. అమ్మ అంటే నాకు, అన్నకు అమ్మ అనుకున్నాను ఇన్నాళ్లు. నా వెనుక ఇంత పని చేసి, నాకొక్క మాట చెప్పకుండా పోయిందే. బతికి ఉంటే కోప్పడేదాన్ని, ఆ తర్వాత కాళ్లకు మొక్కేదాన్ని. ఈ వయసులో నాకు దొరుకుతున్న సంతోషాలన్నీ ఇలాగే ఉన్నాయి, పెట్టిన మనిషి వెళ్లిపోయాక దొరుకుతున్నాయి. నీ విషయంలో అట్లా కానివ్వను. నువ్వు కళ్లెదుట ఉండగానే చెప్తున్నాను. నీ ఒడి ఖాళీగా పెట్టుకుని నా ఒడి నింపడానికి వచ్చావు. పళ్లెం పట్టుకుని నా ఎదురుగా నిలబడ్డావు. పసుపు బియ్యం కింద పడితే వంగి ఏరి మళ్లీ నా కొంగులో వేశావు. ఆ పూట నీ మనసులో ఏముందో నేను అడగలేదు. నా సంబరంలో నేనున్నాను.

వచ్చే యేడు నీకు నేను పోస్తాను. ఇది అడగడం కాదు, చెప్పడం.

అత్తకు చెప్పాను. నూలు చుడుతున్నదల్లా చరఖా ఆపింది.

"ఆడబిడ్డ వదినెకు పోసుడు యాడన్న జూసినవానే?"

"చూడలె. నేను పోస్తె చూస్తరు."

"నువ్వు పుట్టింది ఆ ఇంట్ల, ఆమె మెట్టింది ఆ ఇంట్ల. అత్తగారింటి బియ్యం తల్లిగారి బియ్యం ఎట్లయితయి? తల్లిగారంటె ఇంకో ఇల్లుండాలె. రీతి తప్పి పోస్తె ఆమె మొగనికి ఏమన్నయితె? ఆమె మొగడంటె ఎవడు, నీ తోడబుట్టినోడు గాదా?"

మా అమ్మ అబద్ధమైనా ధర్మసాగర్ పేరు మీద పోసింది. నేను ఏ పేరు మీద పోయాలి? ఆలోచిస్తున్నాను. జవాబు దొరకలేదు గానీ, నేను వదలలేదు. నువ్వు ఏమంటావో రాయి.

ఇందిర


భీవండి
30 జనవరి 1983

ఇందిరకు,

జవాబు ఆలస్యమైంది. మొదలుపెట్టి చింపేస్తూ వచ్చాను.

మల్లవ్వ పెద్దమ్మ సరిగ్గా చెప్పింది. వద్దు. ఒడిబియ్యం పోసేదే మొగుడు చల్లగా ఉండాలని. నా కోరిక కోసం మీ అన్న మీదికి ఏదన్నా తెచ్చుకుంటే ఆ పాపం నేను మొయ్యలేను. నువ్వు పోస్తానన్నావు, నాకు పోసినట్టే అయింది.

ఇంకోటి చెప్పాలి. దీనికే చింపేసింది. నొప్పి వాము నీళ్లకు తగ్గలేదు. దవాఖానకు పోయాను. గర్భసంచిలో గడ్డ ఉంది, సంచి తీసేయాలన్నారు. మార్చి నెలాఖరుకు రమ్మన్నారు. మీ అన్నకు ఇంకా పూర్తిగా చెప్పలేదు, చిన్న ఆపరేషన్ అన్నాను. డాక్టరమ్మ భయం లేదనే అంటున్నది. నాకే ఉంది.

చావంటే కాదు ఇందిరా. పిల్లలు పెద్దవాళ్లయ్యారు, మీ అన్న మంచివాడు, ఎట్లనో బతుకుతారు. పోయిన యేడు మా వాడలో ఒకామె ముత్తైదువగా పోయింది. తల్లిగారి చీర కప్పాలి కదా. వాళ్ల అన్న కరీంనగర్ నుంచి చీర పట్టుకుని రైలు దిగి వచ్చేదాకా, పొద్దుగూకుతున్నా అందరూ ఆగారు. ఎవరూ తొందరపెట్టలేదు. వాళ్ల వాళ్లు వస్తున్నారట అని ఎంత మర్యాదగా చెప్పుకున్నారో. ఆ రోజు నుంచి నాకు ఇదే. నేను పోతే ఎవరి కోసం ఆగుతారు? ఎవరి కోసమూ ఆగాల్సిన పని లేదు, తొందరగా కానియ్యండి అంటారు.

చీర కొని పెట్టె అడుగున పెట్టాను. కప్పే చేతులను కొనలేను కదా.

నువ్వు పోస్తానన్నప్పుడు నాకు ఎంత ఆశ పుట్టిందో నీకు తెలియదు. కావాలని ఉంది. అందుకే వద్దంటున్నాను, ఆశపడితే మీ అన్నకు ఏమవుతుందోనని. నన్ను ఇంకా అడగకు.

కట్టమ్మ


కొత్తవాడ, వరంగల్
12 ఫిబ్రవరి 1983

వదినా,

ఈ ఉత్తరం కూర్చుని చదువు.

నీ ఉత్తరం వచ్చేసరికి మధ్యాహ్నం. ఈయన మగ్గం మీద, అత్త చరఖా దగ్గర. పిల్లవాడు శ్రీనివాస్ బడిలో. ఈసారి దాచుకోలేదు, పైకి చదివాను. ఈయన నాడె చేతిలో పెట్టుకుని, దాని వంకే చూస్తూ అడిగాడు.

"కట్టమ్మ నన్నేమని పిలుస్తది?"

"అన్న అనే. ఇంకేమంటది?"

"మరి అన్న పొయ్యద్దా?"

అంతే. నాడె వేసేశాడు. అవతలి నుంచి వచ్చిన నాడె నేను పట్టుకోలేదు, కింద పడింది.

వదినా, ఇన్నేళ్లు నువ్వు పర్శరాములన్న, పర్శరాములన్న అని ఉత్తరాల్లో రాస్తూనే ఉన్నావు. మొగుడి చెల్లెలి మొగుడు వరసకు అన్నే కదా. మనిద్దరం ఆడబిడ్డ, వదిన అనే చూస్తూ నా వైపు నుంచే లెక్కేసుకున్నాం. ఆయన వైపు నుంచి ఎవరమూ చూడలేదు. ఇది వేరే ఇల్లు, వేరే ఇంటిపేరు. నా తల్లిగారి బియ్యం కాదు, ఈ ఇంటి బియ్యం. అన్న చెల్లెకు పోస్తే తప్పనే మనిషి ఎక్కడైనా ఉన్నాడా?

అత్త చరఖా పక్కకు జరిపింది. తర్వాత మెల్లగా, "అవు గదా. వాడు అన్నయితె నేను దానికి తల్లినే అయితి గదనే. ఇన్నొద్దులు నాకు తోయకపాయె" అంది. మరి ఆ గొంతు అంత మెత్తగా ఉండడం అదే మొదలు, అదే చివర. వెంటనే నా మీద లేచింది. "నా బిడ్డ కడుపుల గడ్డ పెట్టుకొని పరాయి ఊర్ల కూసుంటె, నువ్విక్కడ కూసొని ఉత్తరాలు సదువుతున్నవా? లే. టికెట్లు జూడుమను."

నేను ఎంచిన చీర ఆమెకు నచ్చలేదు. తన బిడ్డకు తానే ఏరుకుంటుందట. బజారులో మూడు దుకాణాల వాళ్లను ఏడిపించింది. ముగ్గురం వస్తున్నాం, మార్చి రెండో వారంలో కళ్యాణ్‌లో దిగుతాం. అన్నకు నేను వేరే ఉత్తరం రాసి అంతా చెప్పాను. దవాఖాన సంగతి దాచినందుకు కోప్పడితే పడనీ, అరుపులు నీకు అలవాటే కదా.

పెట్టె అడుగున ఉన్న చీర తీసి రోజువారీ కట్టుకుని చింపెయ్. దాని పని అయిపోయింది.

ఇంకో మాట. ఇక నువ్వు మా ఇంటి ఆడబిడ్డవు. ఆడబిడ్డ అంటే ఏమిటో నాకు బాగా తెలుసు, ఇన్నేళ్లు నేనే నీకు చూపించాను. జర మెల్లగా వేధించు.

ఇందిర


కొత్తవాడ, వరంగల్
8 ఏప్రిల్ 1983

వదినకు,

ఆపరేషన్ అయింది, బాగుంది అని అన్న కార్డు వచ్చింది. రెండే వాక్యాలు. ఆ కార్డు కొంగుకు కట్టుకుని తిరుగుతున్నాను గానీ, నీ చేతి రాత చూసేదాకా నాకు నమ్మకం లేదు.

అత్తను నీ దగ్గర వదిలి వచ్చాక ఇల్లు విచిత్రంగా ఉంది. ఉప్పు ఎక్కువైందని చెప్పేవాళ్లు లేక రోజూ ఎక్కువే వేస్తున్నాను. చరఖా మూల చూస్తే ఏదో పోగొట్టుకున్నట్టుంటుంది. ఆమె లేకపోతే ఎంత సుఖమో అని ఇరవై రెండేళ్లప్పుడు రోజూ అనుకునేదాన్ని. ఇప్పుడు పోనీ తొందరగా పంపెయ్ అని రాయాలని ఉంది. వద్దులే, నువ్వు లేచి తిరిగేదాకా ఉంచుకో. మా ఇంటి వస్తువే, నీకూ హక్కుంది.

మగ్గం మీద కూర్చున్నప్పుడల్లా ఆ పూట గుర్తొస్తుంది. మీ ఇరుకింట్లో వాడ ఆడవాళ్లంతా నిండిపోయారు. నువ్వు పీట మీద కూర్చుని కొంగు పట్టావు. ఈయన దోసిలితో పోస్తుంటే నేను పళ్లెం పట్టుకున్నాను. అన్న ఆ మూల గోడ వైపు తిరిగి నిలబడ్డాడు, ఏడుపు మాకు కనబడదనుకున్నాడు. మా మామ పోయిన దగ్గర్నుంచి అత్త ఏ శుభానికైనా గడప అవతలే ఉంటుంది. ఆ రోజూ అక్కడే నిలబడి తొంగి చూస్తోంది. నువ్వు ఒడిలో బియ్యంతో లేచి వెళ్లి, ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చి, "తల్లి పొయ్యకుంటె ఎట్ల?" అన్నావు. అన్నకు ఏమవుతుందోనని వణికిన మనిషివి నువ్వేనా అనుకున్నాను. ఎవరూ కాదనలేదు. ఆమె ఒక్క పిడికెడు పోసి, ఆ పిడికిలి కళ్లకు అద్దుకుంది.

రైల్లో తిరిగి వచ్చేటప్పుడు ఈయనను అడిగాను, ఆ మాట నీకెలా తోచిందని. "ఎప్పుడు గట్లనే అనుకున్న. మీరు అడగలె" అన్నాడు. పదహారేళ్ల కాపురం, వదినా. ఈ మనిషి లోపల ఇంకా ఏమేమున్నాయో. అడగడం నేర్చుకుంటాను. నా ముప్పైలకు ఆ పని చాలు.

రాయి. ఒక్క ముక్కైనా నీ చేత్తో రాయి.

ఇందిర


భీవండి
3 మే 1983

ఇందిరకు, కట్టమ్మ రాసేది. నా చేతి రాతే, చూసుకో.

కుట్లు విప్పారు. బరువు ఎత్తొద్దన్నారు. ఎత్తనిస్తే కదా, పెద్దమ్మ చెంబు కూడా ముట్టనివ్వడం లేదు. దవాఖానలో మత్తు వదిలి కళ్లు తెరిచేసరికి పక్కన కూర్చుని నర్సుతో తెలుగులో కొట్లాడుతోంది. ఆ పిల్లకు తెలుగు రాదు, ఈమెకు మరాఠీ రాదు. ఇద్దరూ ఒకరి మాట ఒకరు విన్నారు.

ఒడిబియ్యం తొందరగా వండుకోవాలంటారు కదా. నేను దవాఖానకు పోయే ముందే వండబోతే పెద్దమ్మ డబ్బా లాక్కుని మూతపెట్టి తాడు కట్టింది. "వచ్చినంక వండుకుంటవు. ఇవి తినకుంట యాడికి పోతవు?" అంది. బల్ల మీద పడుకోబెట్టినప్పుడు నేను దేవుణ్ణి తలుచుకోలేదు ఇందిరా, ఆ డబ్బాను తలుచుకున్నాను. ఇంటికి పోయి వండాలి అనుకున్నాను. పోయిన ఆదివారం వండాం. వాడంతా తిన్నది. మీ అన్న మూడుసార్లు పెట్టించుకుని, వరంగల్ బియ్యం రుచే వేరని అందరికీ అరిచి చెప్పాడు. బియ్యం మీరు కళ్యాణ్‌లో కొన్నవని నేను చెప్పలేదు.

నాకు మెచ్చుకోవడం రాదు. నువ్వు రాసినట్టు రాయాలని మొన్నటి నుంచి చూస్తున్నాను, రావడం లేదు. నువ్వు పుట్టిన ఇంటికి నేను వచ్చాను, నువ్వు మెట్టిన ఇల్లు నాకిచ్చావు. ఇంతకంటే రాయలేను.

నిన్న మొదటిసారి నల్లా దాకా నడిచి పోయాను, ఖాళీ చేతులతోనే. ఆడవాళ్లంతా వాళ్ల వాళ్ల అన్నదమ్ములు పెట్టిన చీరల గురించి చెప్పుకుంటున్నారు. ఒకామె, కురచ చీర పెట్టారంది. ఇంకొకామె, రవిక గుడ్డ చేతులకు చాలలేదంది. ఎప్పుడూ ఉండే ముచ్చటే ఇది. ఇన్నేళ్లు ఈ ముచ్చట వస్తే నేను బిందె వైపు చూస్తూ నిలబడేదాన్ని. నేను కొనుక్కున్న చీరకు నేను వంక పెట్టి ఎవరిని తిట్టాలి?

నిన్న ఎవరూ అడగకుండానే నోరు తెరిచాను. "మా తల్లిగారోళ్లు జూడు. బట్ట నేసేటోళ్లే గద, మొదటి ఉతుకుకే అంచు రంగు దిగి చీరంత పాడయింది" అన్నాను. అందరూ నవ్వారు. "అందరి తల్లిగార్లు గంతేనమ్మా" అంది పక్కామె. అందరి తల్లిగార్లు అంది, ఇందిరా. నేను ఇంటికొచ్చి తలుపు వేసుకుని ఏడ్చాను, ఎంత సంతోషమో చెప్పలేను.

పెద్దమ్మ వచ్చే వారం రైలెక్కుతుంది. ఆమె ఏరిన చీర కదా, ఆమె ముందు అనలేదు. నువ్వు మా అన్నకు చెప్పు, వచ్చేసారి రంగు చూసి కొనమని.

మీ ఇంటి ఆడబిడ్డ
కట్టమ్మ